లాంగ్‌జంప్‌లో 45 డిగ్రీలు ఎందుకు పనికిరావు?

విసిరిన రాయి బాగా దూరం వెళ్ళాలంటే దాదాపు 45 డిగ్రీల కోణంలో విసరాలని మీరు చదివే ఉంటారు. మరి లాంగ్‌జంప్‌లో మేటి క్రీడాకారులు సుమారు 20 డిగ్రీల కోణంలోనే పైకి లేస్తారు. ఎందుకని?

పరుగెత్తి వచ్చిన పాదం పలకమీద ఆనేది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు సేపే. అంత స్వల్ప వ్యవధిలో శరీరాన్ని బాగా పైకి నెట్టలేం. కోణం పెరగాలంటే పరుగు తగ్గించుకోవాలి. వేగం తగ్గితే దూరమూ తగ్గుతుంది! 1991లో టోక్యోలో 8.95 మీటర్లు దూకిన మైక్ పావెల్‌కూ పరుగే ఆధారం.

కనుక ముందు పరుగు సరిచేసుకోండి. పలక దగ్గర బయలుదేరి, ఇసుక గుంటకు ఎదురు దిశలో పరుగెత్తండి. పదకొండో అంగ పడినచోట స్నేహితుడిచేత గుర్తు పెట్టించండి. ఇక అక్కడినుంచే పరుగు మొదలుపెట్టండి. పాదం పలక దాటుతూంటే గుర్తును ఆ మేరకు వెనక్కి జరపండి. పరుగులో పలకకేసి చూడకండి. చూస్తే వేగం తగ్గుతుంది.

దిగేటప్పుడు కాళ్ళు ముందుకు చాచండి. మడమలు ఇసుకను తాకగానే మోకాళ్ళు వంచండి. చెయ్యి వెనక్కి ఆనించకండి. పలకకు అతి దగ్గరి గుర్తునుంచే దూరం కొలుస్తారు!

అన్నట్టు, దూకేముందు ఇసుకను తవ్వి గుల్ల చేయడం మరువకండి. గట్టి నేల మిమ్మల్ని ఒక్కసారిగా ఆపుతుంది. గుల్ల ఇసుక క్రమంగా ఆపుతుంది. కీళ్ళకు రక్ష అదే.