రెండవ భాగమునకు నోచని చిత్రములు

చలనచిత్రముల ప్రసంగము వచ్చినపుడు మనము చూచిన చిత్రములను గూర్చియే ముచ్చటించుకొందుము. కాని రావలసియుండియు రాకపోయిన చిత్రములును లోకమున పెక్కులు గలవు. మొదటి భాగము విడుదలయై, తక్కిన కథ పిదప చూపెదమని ప్రేక్షకులకు మాట యిచ్చి, ఆ మాట చెల్లింపకయే మరుగుపడిన కథలవి. అమెరికాలోని హాలీవుడ్డున ఇట్టివి మిక్కిలిగా పుట్టినవి. వానిని గూర్చి కొంత మనవి చేయదలచితిమి. ఇది సినిమా కబుర్ల కొరకు గాదు. కథ చెప్పువానికిని వినువారికిని నడుమనుండు నమ్మకము ఎట్లు నిలుచునో, ఎట్లు చెడునో వీనివలన చక్కగా తెలియును.

ఒక కథను ఒక్క చిత్రముతో ముగింపక, దానినే మూలధనముగా జేసికొని వరుసగా చిత్రములు తీయుటను అచ్చట ఫ్రాంచైజీ యందురు. తరువాతి చిత్రమునకు సీక్వెల్ అని పేరు. ఒకమారు జనులకు చేరువైన పాత్రను మరల తెరపైకి దెచ్చినచో క్రొత్తగా పరిచయము చేయు శ్రమ యుండదు. బొమ్మలు, ఆటవస్తువులు, పుస్తకములు ఆ పేరుతోనే అమ్ముడుపోవును. వ్యాపారదృష్టితో జూచిన నిది తప్పు గాదు. మొదటి చిత్రము జనుల మెప్పు బడయకమునుపే తరువాతి చిత్రములను లెక్కించుకొనుటలోనే చిక్కు వచ్చుచున్నది. 1984లో 'ది అడ్వెంచర్స్ ఆఫ్ బకరూ బాంజై అక్రాస్ ది ఎయిత్ డైమెన్షన్' అను చిత్రము వచ్చెను. దాని తుదిని, ఈ నాయకుని తరువాతి కథ యిదియని పేరుతో సహా తెరపై ప్రకటించిరి. నలువది యేండ్లు దాటినవి. ఆ చిత్రము రానేలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మనవారు ఊరకే చెప్పలేదు.

మన పూర్వులు నాటకమునకు ముఖము, ప్రతిముఖము, గర్భము, అవమర్శము, నిర్వహణము అని ఐదు సంధులు విధించిరి. మొదట నాటిన బీజము నిర్వహణసంధి యందు ఫలమై కనబడవలెను. ఇది కేవలము పండితుల నియమము గాదు; కథ వినుటకు కూర్చున్నవారికి కథకుడు చేయు బాస. అమ్మమ్మ కథను నడుమ నాపి, తక్కినది రేపు చెప్పెదనన్నచో పసిబిడ్డ నిద్రించును. రేపు అమ్మమ్మ తప్పక చెప్పునని ఆ బిడ్డకు తెలియును. చెప్పకపోయినచో మరునాడు ఆ బిడ్డ కథకు చెవి యొగ్గునా?

ఇందుకు మిక్కిలి తగిన దృష్టాంతము 'ది గోల్డెన్ కంపస్' అను చిత్రము. ఆంగ్లరచయితయైన ఫిలిప్ పుల్మన్ 1995, 1997, 2000 సంవత్సరములలో మూడు సంపుటములుగా 'హిజ్ డార్క్ మెటీరియల్స్' అను బృహత్కథను వెలువరించెను. లైరా యను బాలిక దాని నాయిక. ఆమె లోకమున ప్రతి మనుష్యుని యాత్మయు ఒక జంతురూపము దాల్చి వెంట తిరుగుచుండును. బిడ్డలను వారి జంతువులనుండి వేరుపరచు క్రూరప్రయోగమునకై కొందరు పిల్లల నపహరింతురు. వారిలో నొకడైన తన చెలికాడు రోజర్‌ను విడిపించుటకై లైరా మంచుసీమలకు బోవును. ఈ మొదటి సంపుటమును న్యూ లైన్ సినిమా యను సంస్థ దాదాపు 18 కోట్ల డాలర్ల వ్యయముతో చిత్రముగా తీసి 2007 డిసెంబరులో విడుదల చేసెను. క్రిస్ వైట్జ్ దర్శకుడు. డకోటా బ్లూ రిచర్డ్స్ అను బాలిక లైరాగా నటించెను. తక్కిన రెండు సంపుటములును చిత్రములు కావలెనని వారి సంకల్పము.

మొదటి సంపుటము తుదిని మిక్కిలి దారుణమైన ఘట్టమొకటి యున్నది. చెలికానిని కాపాడితినను సంతోషముతో లైరా అతనిని తన తండ్రి యున్న చోటికి గొనిపోవును. ఆ తండ్రియే తన ప్రయోగమునకు రోజర్‌ను బలిగొనును. మేలు చేయబోయి చెలికానిని మృత్యువునకు తానే యప్పగించితినను దుఃఖము లైరాను విడువదు. తక్కిన కథలో ఆమె సాహసములకు అదియే ప్రేరణము. ఈ యధ్యాయములను వారు చిత్రించిరి కూడ. పిదప, మొదటి చిత్రము ఆశాజనకముగా ముగియవలెననియు, ఈ ఘట్టము రెండవ చిత్రమునకు ఆరంభముగా నుండవచ్చుననియు దానిని తొలగించిరి. లైరాయు రోజరును గగననౌకలో తండ్రిని చేరబోవుచుండగా చిత్రము ముగియును. కథకు గుండెవంటి దుఃఖమును తీసి, రాబోవు సంవత్సరమునకని పెట్టెలో దాచిరన్నమాట.

పిదప జరిగినది వినుడు. అమెరికాలో ఆ చిత్రమునకు వచ్చిన రాబడి దాదాపు 7 కోట్ల డాలర్లు మాత్రమే. ఇతర దేశములలో 30 కోట్ల డాలర్ల మేరకు వచ్చెను గాని, వ్యయము కొరకు సంస్థవారు విదేశపు హక్కులను ముందుగనే విక్రయించియుండుటచే ఆ సొమ్ములో అధికభాగము వారికి దక్కలేదు. క్రైస్తవసంఘములు కొన్ని ఆ చిత్రమును చూడవలదని ప్రచారము చేసినవి. అదియు ఒక దెబ్బ. 2008లో న్యూ లైన్ తన స్వాతంత్ర్యమును కోల్పోయి వార్నర్ బ్రదర్స్ సంస్థలో కలిసిపోయెను. పలువురు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. ఆ సంవత్సరముననే ఆ చిత్రము దృశ్యకల్పనలకు ఆస్కార్ బహుమానము పొందినను, రెండవ చిత్రమునకు ప్రాణము రాలేదు. ఆ చిత్రమును మాత్రమే చూచిన బిడ్డల మనస్సులో రోజర్ ఇప్పటికిని క్షేమముగనే యున్నాడు. వారు చూచినది ఆ కథ కానే కాదు. మరల 2019 నుండి 2022 వరకు బి.బి.సి., హెచ్.బి.ఓ. సంస్థలు కలిసి 23 భాగముల టెలివిజను నాటకముగా తీసిన పిమ్మటనే, ఆ కథ తెరపై తుదముట్టినది.

ఇదే న్యూ లైన్ సంస్థ అంతకుముందు 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కథను మూడు చిత్రములుగా 2001, 2002, 2003 సంవత్సరములలో విడుదల చేసి అపారమైన ధనమును, కీర్తిని గడించియుండెను. అప్పుడు ఫలించిన పద్ధతి పిదప నేల వికటించినది? దర్శకుడు పీటర్ జాక్సన్ 1999, 2000 సంవత్సరములలో న్యూజీలండు దేశమున మూడు చిత్రములను ఒక్క పట్టున చిత్రించెను. మొదటిది తెరకెక్కు నాటికే మూడవదాని చిత్రీకరణము చాలవరకు ముగిసియుండెను. కావున మొదటి చిత్రము నడుమ నాగినను మోసము లేదు. వంట ముగిసిన పిదప విస్తరి వేయుట యది. 'గోల్డెన్ కంపస్' విషయమున విస్తరి వేసి, ఒక్క కూర వడ్డించి, వచ్చినవారు మెచ్చినచో అన్నము వండెదమన్నట్లాయెను.

మన తెలుగువారికి ఈ భేదము 'బాహుబలి' వలన అనుభవసిద్ధమే. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగము, కట్టప్ప తన ప్రభువును వెనుకనుండి పొడిచిన ఘట్టముతో నాగెను. ఏల చంపెనను ప్రశ్న రెండేండ్లు ఇంటింట వినబడెను. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగము వచ్చి దానికి జవాబు చెప్పినది. మాట యిచ్చిరి, చెల్లించిరి.

సరిగా ఆరు వారములకు, అనగా 2017 జూన్ 9న, అమెరికాలో 'ది మమ్మీ' విడుదలయ్యెను. యూనివర్సల్ సంస్థవారు దీనిని ఒక చిత్రముగా గాక పెద్ద చిత్రమాలకు తొలిపూసగా సంకల్పించిరి. ఆ మాలకు 'డార్క్ యూనివర్స్' అని పేరు పెట్టి, చిహ్నమును సంగీతమును సిద్ధపరచి, టామ్ క్రూజ్, రస్సెల్ క్రో, జానీ డెప్ మున్నగు ప్రసిద్ధనటుల ఛాయాచిత్రమును ఆ మే నెలలోనే ప్రకటించిరి. తరువాతి చిత్రమగు 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' 2019 ఫిబ్రవరి 14న విడుదల యగునని ముహూర్తమును సైతము నిర్ణయించిరి. చిత్రమున చూడబోయిన, కథ నడుచుచుండగా డాక్టరు జెకిల్ అనునతడు వచ్చి, భూతపిశాచములను వెదకి పట్టు రహస్యసంఘము తమదని వివరింపసాగును. ఇది ఈ కథకు వలసినది గాదు; రాబోవు కథలకు త్రోవ. అమెరికాలో 8 కోట్ల డాలర్లు మాత్రమే వచ్చెను. అక్టోబరు నాటికి రెండవ చిత్రపు పని నిలిచిపోయెను. ఆ పేరు మాత్రము 2025 మే నెలలో ఓర్లాండో నగరమున తెరచిన వినోదవనములో ఒక భాగమునకు మిగిలినది.

వింత యేమనగా, ఈ సంస్థకు సరియైన దారి తన యింటిలోనే యుండెను. 1931లో 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్', 1932లో తొలి 'మమ్మీ', 1933లో 'ది ఇన్విజిబుల్ మాన్' తీసినవారు వారే. వానిలో ప్రతిదియు తనంత తాను ముగిసిన కథ. ఒక భూతమునకు మరియొక భూతముతో చుట్టరికము కలిపి 'ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది వుల్ఫ్ మాన్' తీసినది 1943లో. అనగా పండ్రెండేండ్లు జనులు ఆ పాత్రలతో పరిచయము పెంచుకొనిన తరువాత. 2017లో వియ్యము మొదటనే కలుపబోయిరి, బిడ్డలు పుట్టలేదు. మరల 2020లో లీ వానెల్ అను దర్శకుడు 70 లక్షల డాలర్లతో 'ది ఇన్విజిబుల్ మాన్' కథను క్రొత్తగా తీసెను. హింసించు పురుషుని చెరనుండి పారిపోయిన స్త్రీ, అతడు కనబడకయే తన్ను వేధించుచున్నాడని మొరపెట్టినను ఎవ్వరును నమ్మకపోవుట అందలి యితివృత్తము. మన సోదరీమణుల కది భూతముల కథగా తోచదు. దానికి వచ్చిన రాబడి దాదాపు 14 కోట్ల డాలర్లు. ఏ మాలయు లేదు, ఏ సంఘమును లేదు. ఒక స్త్రీ కథ మొదలై ముగిసినది.

'స్టార్ వార్స్' సంగతియు ఇట్టిదే. 1977లో వచ్చిన తొలి చిత్రమున శత్రువుల యాయుధగోళము నాశనమై, వీరులకు సన్మానము జరిగి కథ ముగియును. నాలుగవ భాగమను సంఖ్యను 1981లో మరల విడుదల చేసినపుడు గాని దానికి చేర్చలేదు. ముందు కథ, పిదప సంఖ్య.

అట్లని ఆగిపోయిన చిత్రములన్నిటిని నిందింపరాదు. డిస్నీ సంస్థ 2012 మార్చిలో 'జాన్ కార్టర్' అను చిత్రమును విడుదల చేసెను. ఎడ్గార్ రైస్ బరోస్ 1912లో పత్రికయందు ప్రకటించిన అంగారకలోకపు కథ దానికి మూలము. నూరేండ్లలో ఆ కథనుండి ఎందరో ఎరువు తెచ్చుకొనియుండుటచే, మూలమే అనుకరణమువలె కనబడెను. పేరులోనుండి అంగారకమును తీసివేయుటచే అది దేనిని గూర్చిన కథయో ప్రకటనలవలన తెలియలేదు. దానివలన 20 కోట్ల డాలర్ల నష్టము రాగలదని ఆ నెలలోనే సంస్థ ప్రకటించెను. తరువాతి చిత్రములు సంకల్పములోనే నిలిచిపోయెను. అయినను నాయకుడు ఉపాయముతో శత్రువును వంచించి తన ప్రియురాలి లోకమునకు మరలిపోవుటతో ఆ కథ ముగియును. చూచినవారికి అప్పు పడలేదు. నష్టము వర్తకునిది మాత్రమే.

2003లో పీటర్ వీర్ తీసిన 'మాస్టర్ అండ్ కమాండర్' మరియు మేలైనది. పాట్రిక్ ఓబ్రయన్ వ్రాసిన సముద్రయానపు నవలలు ఇరువదికి పైబడి యున్నను, చిత్రము ఒక్కటే వచ్చినది. పది ఆస్కార్ బహుమానములకు పేర్కొనబడి రెంటిని గెలిచినది. శత్రునౌకను మరల తరుముటకు ఓడ మలుపు తిరుగును. లోపల కెప్టెనును వైద్యుడును వాద్యములు వాయించుకొనుచుందురు. యాత్ర ముగియదు గాని మనస్సు నిండును. మన నన్నయ భారతమును అరణ్యపర్వము నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వముతో నందుకొనుటయు, మిగిలినదానిని ఎఱ్ఱన పూరించుటయు జరుగుటకు శతాబ్దములు పట్టినవి. అయినను ఆ నడుమ జనులు నన్నయను నిండుగనే చదువుకొనిరి. ఏలయన ఆయన ఏ పద్యమునందును చెప్పవలసినది రేపటికని దాచుకొనలేదు.

నేడు చిత్రములు ఇంటనున్న టెలివిజనులోనికే వచ్చుచున్నవి గనుక, బిడ్డలు వేని నెట్లు చూతురో విచారించు భారము తల్లులపై నున్నది. మొదటి భాగమని పేరున్న చిత్రమును చూపునపుడు తక్కినది వచ్చినదో లేదో ముందుగా తెలిసికొనుడు. రానిచో మూలగ్రంథముండెనేమో వెదకుడు. ఆగిపోయిన చిత్రములలో పెక్కింటికి గ్రంథములు గలవు. అందు కథ నడుమ నిలువదు. ఆంగ్లము చదువగల బిడ్డ 'గోల్డెన్ కంపస్' చూచి తరువాత నేమైనదని యడిగినచో, పుల్మన్ పుస్తకమును చేతికిండు. రోజర్ మరణఘట్టము వచ్చు దినమున మాత్రము ప్రక్కన కూర్చుండుడు. ఆ బిడ్డ కన్నీరు పెట్టుకొనవచ్చును. చిత్రము దాచిన కన్నీరు అది. కథలో దానికి చోటున్నది.