ఉద్దెర పద్దు

గోదావరిఖనిలో తొలితరపు కిరాణా వర్తకులు ఒకరి వెంట ఒకరుగా కన్నుమూయుచున్నారు. దశాహమునాడు ఇంటి ముంగిట వేసిన షామియానా క్రింద బంధువులతో సమానముగా బాయి పనివారు కూర్చుండి కనబడుదురు. వారిలో పెక్కుమంది పని చాలించి ఇంటిపట్టున ఉన్న ముసలివారు. పోయినవాడు వారికి చుట్టము కాడు, సంఘపు నాయకుడును కాడు. ఇరువది ముప్పది యేండ్లు అతని పద్దుపుస్తకములో వారికొక పుట ఉండెను. అట్టి వర్తకుడు ఒక్కడు కాడు. ఆ తరపు వారి బ్రతుకంతయు ఇంచుమించు ఒక్క తీరుననే గడచినది.

పేరులోనే నదిని, గనిని కలుపుకొన్న ఈ పట్టణము 1960 ప్రాంతమున గోదావరి దక్షిణపు గట్టున బొగ్గు త్రవ్వకము మొదలైన పిదప పెరిగినది. సింగరేణి సంస్థ అప్పటికే పాతది. 1871లో ఇల్లెందు పరిసరములలో డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొనుట, 1945లో నిజాం ప్రభుత్వము సంస్థను స్వాధీనము చేసికొనుట దాని చరిత్రలో సవివరముగా ఉన్నవి. బొగ్గుగనిని ఇచ్చటివారు బాయి అందురు. బాయిని నమ్ముకొని పల్లెలనుండి కూలివాడు వచ్చెను; కూలివానిని నమ్ముకొని ఒక తరాజు, రెండు బస్తాల బియ్యము, ఒక కిరోసిన్ డబ్బాతో వర్తకుడు వచ్చెను. ఈ రెండవ రాక ఏ గ్రంథమునకును ఎక్కలేదు.

రేకుల కప్పు, చెక్కపలకల తలుపు, లోపల గల్లాపెట్టె. మొదటి షిఫ్టువారు దిగకమునుపే, తెలతెలవారకుండగనే, దుకాణము తెరవవలెను. భూగర్భమున మండెడి వాయువు ఉండును గనుక అగ్గిపెట్టెగాని బీడీగాని క్రిందికి కొనిపోరాదు. దిగబోవువాడు తంబాకు, సున్నము అడుగును. పైకి వచ్చినవాడు మొట్టమొదట బీడీకట్ట అడుగును. గల్లాపెట్టె కడ కూర్చున్నవానికి గడియారముతో అంతగా పని లేదు.

ఇక పద్దుపుస్తకము. ఎర్రగుడ్డ అట్టతో పొడుగుగా ఉండును. ఊరినిండ రాజయ్యలు, మల్లయ్యలే కనుక ఒట్టి పేరు వ్రాసిన లాభము లేదు; ఏ నంబరు బాయి, కోల్ ఫిల్లరా, ట్రామ్మరా, టింబర్‌మనా అనునది పేరుతోపాటు వ్రాయవలెను. కోల్ ఫిల్లరుకు నింపిన టబ్బుల లెక్కన కూలి. చేతికి దెబ్బ తగిలినను, పై కప్పు కూలి పని నిలిచినను కూలి పడిపోవును. ఆ మాసము బియ్యము తగ్గి నూకలు పెరుగును. పండుగ దాటినను నువ్వులనూనె పద్దులోనికి రాదు. పద్దు వ్రాయువానికి ఒక్కొక్క ఇంటి మంచి చెడ్డలు ఇట్లు అడుగకయే తెలియుచుండెను. అతడు వానిని నలుగురిలో చెప్పుకొనరాదు. చెప్పుకొన్నవాని దుకాణము ఆ పేటలో ఎంతో కాలము నిలువదు.

అంతమాత్రమున అతనిని ధర్మరాజును చేయ నక్కరలేదు. ఉద్దెర ధర రొక్కపు ధరకంటె ఒకింత ఎక్కువ. తరాజు ముల్లు ఎటు మొగ్గెనో సరుకు తీసికొను ఇల్లాలికి తెలియకపోలేదు. ఐనను కార్మికుని బ్యాంకు పుస్తకమును, ఈ కాలమున ఏటీఎం కార్డును తాకట్టు పెట్టుకొని జీతము రాగానే మింగెడి వడ్డీవ్యాపారి వేరు, ఇతడు వేరు. ఇతడిచ్చినది తినుటకు. తిన్నవాడు బ్రతికి పనికి పోయిననే ఇతని సొమ్ము తిరిగి వచ్చును.

ఇల్లు దుకాణము వెనుకనే. సరుకునకై అతడు పెద్దపల్లికో కరీంనగరునకో పోయిన దినములలో ఇల్లాలు గల్లా కడ కూర్చుండెడిది. నిజమునకు ఉద్దెర ఎవరికీయవలెనో ఎవరికీయరాదో నిర్ణయించినది తరచుగా ఆమెయే. బాయి పనివాని కొడుకునకు వారసత్వపు కొలువు అను ఆశ ఉండెను. వర్తకుని కొడుకునకు అదియును లేదు. కావున మిగిలిన ప్రతి పైసయు పిల్లల చదువునకు పోయెను. చదివినవారు హైదరాబాదు పోయిరి, కొందరు సముద్రములు దాటిరి. బిడ్డ పెండ్లి ముంచుకొని వచ్చినప్పుడు తండ్రి పద్దుపుస్తకము తెరచి, రావలసినదంతయు కూడి, ఆ మొత్తమును చూచి మరల మూసి, తాను వేరొకచోట అప్పు చేసెడివాడు.

అన్నిటికంటె గడ్డుకాలము సమ్మెది. 2011 సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రము కొరకు సకల జనుల సమ్మె మొదలైనది. సింగరేణి కార్మికులు 35 దినములు బాయి దిగలేదు. పని లేనిదే జీతము లేదు. నడుమ బతుకమ్మ వచ్చెను, అక్టోబరు 6న దసరా వచ్చెను. ఈ నేలపై దసరాకు కొత్తబట్ట లేకున్న సరిపెట్టుకొందురుగాని పొయ్యి వెలుగకుండుట ఎట్లు? ఉద్దెర నిలిపిన సమ్మె కూలునని వర్తకునకు తెలియును. ఇచ్చిన తాను కూలునేమోయనియు తెలియును, ఏలనన టోకు వర్తకుడు సమ్మె అని గడువు పెంచడు. అతడు వ్రాయుచునే పోయెను. కొందరికి కిలో అడిగిన చోట అరకిలో ఇచ్చెను, కొందరిపై విసుగుకొనెను, ఐనను వ్రాసెను. ఆ సమ్మెకు సభలు, ఉపన్యాసములు ఎంత ఆధారమో ఈ గీతల కాగితములును అంత ఆధారము. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడినది. ఆ పద్దులలో కొన్ని నాటికిని తీరలేదు.

దుకాణమును దెబ్బతీసినది సమ్మెలు కావు. టబ్బులు నింపిన చేతులకు బదులు యంత్రములు వచ్చినవి. భూగర్భ గనులు వెనుకబడి ఉపరితల గనులే సింహభాగము బొగ్గు నిచ్చుచున్నవి. 1990ల ఆరంభమున లక్షకు మించిన సంస్థ కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపున ఉన్నది. ముందు సన్నగిల్లినది కోల్ ఫిల్లర్ల పుట. మిగిలినవారికి జీతము బ్యాంకులో పడును, సరుకు సూపర్ మార్కెట్టులో దొరకును. అచ్చట పేరు చెప్పి తెచ్చుకొనుట కుదరదు.

పని చాలించి సొంత ఊరికి చేరినవారు పెండ్లికో పేరంటమునకో ఖనికి వచ్చినప్పుడు, సగము మూసిన ఆ తలుపు ముందు ఆగుదురు. లోపల ఆమె యొక్కతెయే ఉండును.

“వదినా, మా బాకీ ఏమన్న మిగిలిందా?”

“గవన్ని ఆయన ఎప్పుడో కొట్టేసిండు తమ్మీ. కూసో, చాయ్ తాగి పో.”

ఎర్ర అట్ట పుస్తకములు మాత్రము ఇంకను అటుకమీదనే ఉన్నవి.