చిన్న బుల్లెట్‌కి పంది దగ్గర పప్పులు ఉడకవు

పాలకీడు వైపు రాత్రిపూట చేను కాపలా కాసే రైతుని ఎందుకని అడిగితే ఒకటే జవాబు: అడవి పందులు. అవి తినేదానికంటే తొక్కి, పెళ్లగించి పాడుచేసేదే ఎక్కువ. తుపాకీతో కాల్చేస్తే అయిపోదా అని మనలాంటి గేమింగ్ బ్యాచ్‌కి వెంటనే అనిపిస్తుంది. కానీ ఏ తుపాకీ అన్నది సగం ప్రశ్నే. అందులోంచి వెళ్లేది ఏ బుల్లెట్ అన్నది మిగతా సగం.

మనం తూటా అనేది నిజానికి నాలుగు వస్తువుల ప్యాకేజీ. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. పేలాక మిగిలిన గుల్లలో మిగతా మూడూ కొత్తగా పెట్టుకోవడమే హ్యాండ్‌లోడింగ్. అమెరికాలో ఇది పెద్ద హాబీ. అక్కడ బొరియలు తవ్వే ప్రెయిరీ డాగ్ లాంటి చిన్న జంతువుల్ని 'వార్మింట్' అంటారు. వాటికి .223 రెమింగ్టన్ లాంటి చిన్న క్యాలిబర్ వాడతారు. దాని బుల్లెట్ 0.224 అంగుళాల లావు, అంటే పెన్సిల్ కంటే సన్నం. 40 గ్రెయిన్ల బుల్లెట్ బరువు 2.6 గ్రాములే, రూపాయి బిళ్ల కంటే తక్కువ.

వార్మింట్ బుల్లెట్‌కి రాగి తొడుగు పల్చగా ఉంటుంది. చాలావాటికి ముందు ప్లాస్టిక్ మొన కూడా ఉంటుంది. సెకనుకి దాదాపు ఒక కిలోమీటర్ వేగంతో వెళ్లి, తగలగానే ముక్కలైపోతుంది. ఇది లోపం కాదు, డిజైనే. చిన్న జంతువు అక్కడికక్కడే చనిపోతుంది. గురి తప్పి నేలకి తగిలినా, ఎగిరి ఇంకెక్కడికో పోయే అవకాశం తక్కువ.

రెండో లెక్క బ్యారెల్‌ది. లోపలి మెలి గాళ్లు బుల్లెట్‌ని బొంగరంలా తిప్పుతాయి. తిరగడం చాలకపోతే అది గాల్లో పల్టీలు కొడుతుంది. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణిత ప్రొఫెసర్ ఇచ్చిన సూత్రం ఒక్క లైన్ కోడ్ అంతే: 150 × లావు వర్గం ÷ పొడవు. 0.6 అంగుళాల పొడవుంటే సుమారు 12.5 అంగుళాలకి ఒక చుట్టు చాలు. 1 అంగుళం ఉంటే 7.5 అంగుళాలకే ఒక చుట్టు కావాలి. గమనించారా, ఇందులో బరువు లేదు, పొడవే ఉంది. పూర్తి రాగి బుల్లెట్ అదే బరువుకి సీసం బుల్లెట్ కంటే పొడవుగా ఉంటుంది కాబట్టి అదే రైఫిల్‌లో సరిగ్గా పోకపోవచ్చు.

ఇప్పుడు మన పంది సంగతి. పెద్ద మగ పందికి భుజాల మీద చర్మం కవచంలా ఉంటుంది. వార్మింట్ బుల్లెట్ పైపైనే పగిలిపోతుంది, గుండె దాకా పోదు. పంది చావకుండా గాయంతో పరిగెడుతుంది. ఆ చీకట్లో దానికి ఎదురయ్యేవాడి గతి ఏంటి? 1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే వేటగాడికి మూస్ మీద ఇదే సమస్య వచ్చింది. దాంతో ఆయన మధ్యలో అడ్డుగోడ ఉన్న 'పార్టిషన్' బుల్లెట్ తయారు చేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం లోపలికి దూసుకుపోతుంది.

అయితే గట్టి బుల్లెట్ పందిలోనే ఆగుతుందని గ్యారంటీ లేదు. మనవి చదును పొలాలు. మడిలో నీళ్లకి తగిలినా బుల్లెట్ ఎగిరి పక్కకి పోగలదు. అటువైపు మోటర్ వేయడానికి వచ్చిన రైతు ఉండొచ్చు. అందుకే వెనక మట్టి గట్టు లేకుండా కాల్చకూడదు.

మన దగ్గర ఇది ఎవరికి వాళ్లు చేసుకునే పని కూడా కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి ఉండాలి. ఇదంతా ఎందుకని కొందరు చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. అది ఇఫ్ కండిషన్ లేని కోడ్ లాంటిది, ఎవరు తగిలినా రన్ అవుతుంది. అలా రైతులే చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం.

కాబట్టి బుల్లెట్ ఎంపికలో ప్రశ్నలు మూడు: దేనికి తగలాలి, ఎంత లోపలికి పోవాలి, ఎక్కడ ఆగాలి. మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ అడగనక్కర్లేదు.