టీకాకు చెయ్యి చాపినవారు, వెనక్కి తీసుకున్నవారు



మా ఆసుపత్రికి వచ్చేవారు ఇప్పటికీ అడిగే ప్రశ్న ఒకటుంది. గుండె దడ అని వస్తారు, మోకాళ్ళ నొప్పులని వస్తారు. చూపించుకొని, మందుల చీటీ తీసుకొని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇదంతా ఆ కరోనా టీకా వల్ల కాదు కదండీ?" అంటారు. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. అడిగేవారు తెలియనివారని కూడా అనుకోము. వారిలో ఉపాధ్యాయులున్నారు, మా సొంత సిబ్బంది ఇళ్ళవారున్నారు. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, ఆదివారం ఒకే బల్లమీద కూర్చునేవారిలో కొందరు తెల్లవారకముందే టీకా వరుసలో నిలబడటం, కొందరు తలుపు వేసుకొని లోపల కూర్చోవడం ఎందుకు జరిగిందో ఈ సంచికలో చెప్పుకుందాం.

ముందుగా మా సంగతి. మన దేశంలో టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మొదటి వంతు ఆరోగ్య సిబ్బందిదే. మేమంతా పరుగెత్తి వేయించుకున్నామని మీరు అనుకుంటే అది నిజం కాదు. కొందరు మొదటిరోజే పేరిచ్చారు. కొందరు "ముందు వాళ్ళు వేయించుకోనివ్వండి, చూద్దాం" అన్నారు. అందుకు కారణం లేకపోలేదు. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌కు జనవరి 3న అనుమతి ఇచ్చేనాటికి మూడవ దశ పరీక్షల ఫలితాలు ఇంకా రాలేదు. అవి తర్వాతి నెలల్లో వచ్చాయి, టీకా పనిచేస్తుందనే చెప్పాయి. కానీ జనవరిలో సందేహించినవారిని మూర్ఖులని ఎలా అంటాము? సూది పట్టుకునే చేతులే తటపటాయించినప్పుడు, సూది వేయించుకునే చేతులు తటపటాయించడంలో వింత లేదు.

మార్చి 1 నుంచి 60 ఏళ్ళు దాటినవారికి, బీపీ, షుగరు వంటి జబ్బులున్న 45 ఏళ్ళు పైబడినవారికి మొదలుపెట్టారు. అప్పటికి కేసులు తగ్గి ఉన్నాయి. కరోనా పోయిందనే అందరూ అనుకున్నారు. పోయిన జబ్బుకి ఇప్పుడు సూదెందుకన్నది చాలామంది మాట. కూలి పనికి వెళ్ళే మనిషికైతే ఇంకో లెక్క ఉంది. టీకా వేయించుకుంటే ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు. అంటే రెండు రోజుల కూలి పోతుంది. టీకా ఉచితమే గాని ఆ కూలి ఎవరూ ఇవ్వరు కదా.

ఇక్కడ మేము చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట్లో, భయపడతారేమోనని, "ఏమీ కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పి పంపాము. ఆ రాత్రి వాళ్ళకి చలిజ్వరం వచ్చింది. మర్నాటికి వీధి అంతా తెలిసింది. జ్వరం రెండో రోజుకి తగ్గిపోయింది, కాని మా మాట మీద పోయిన నమ్మకం అంత త్వరగా తిరిగి రాలేదు. తర్వాత పద్ధతి మార్చుకున్నాము. "ఈ రాత్రికి జ్వరం రావచ్చు, చెయ్యి నొప్పి పుడుతుంది, పారాసెటమాల్ వేసుకోండి, మూడో రోజుకీ తగ్గకపోతే రండి" అని ముందే చెప్పడం మొదలుపెట్టాము. అలా చెబితే జనం బెదిరిపోతారనుకున్నాము. బెదరలేదు. చెప్పిన ప్రకారమే జ్వరం వచ్చి, చెప్పిన ప్రకారమే పోయేసరికి వాళ్ళే పక్కింటివారికి ధైర్యం చెప్పారు.

మన సంఘాల్లో తిరిగిన మాట వేరొకటి. టీకా అనేది ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని ముద్ర అని, అందులో చిప్ ఉందని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. సర్టిఫికెట్ లేనివారిని కొన్నిచోట్లకు రానివ్వరన్న వార్తలు దానికి తోడయ్యాయి. కొనడానికీ అమ్మడానికీ ముద్ర కావాలన్న మాట చదివినవారికి అది గుర్తుకు రావడం సహజమే. అయితే ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదవండి. అక్కడ ముద్ర ఆరాధనకు సంబంధించినది. ఎవరికి మొక్కుతున్నామన్నది అక్కడి ప్రశ్న. భుజం కండలోకి వెళ్ళే అర మిల్లీలీటరు మందులో ఆ ప్రశ్న లేదు. కోవిషీల్డ్‌లో ఉన్నది మనిషి ఒంట్లో పెరగలేని ఒక జలుబు వైరస్. అది కరోనా పైపొర గుర్తును మన శరీరానికి చూపిస్తుంది. కోవాక్సిన్‌లో ఉన్నది చంపిన కరోనా వైరస్సే. రెండూ చేసేది ఒక్కటే: దొంగ రాకముందే కాపలావాడికి దొంగ ముఖం చూపించడం.

"ప్రార్థన ఉండగా మందెందుకు?" అన్నవారూ ఉన్నారు. వారికి మేము హిజ్కియా రాజు సంగతి గుర్తుచేస్తాము. ఆయన ప్రార్థన ఆలకించబడింది, ఇంకా 15 సంవత్సరాల ఆయుష్షు వాగ్దానం చేయబడింది. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు.

ఏప్రిల్, మే నెలల్లో రెండవ ఉధృతి వచ్చింది. ఆ రోజులు మీకు చెప్పనవసరం లేదు. కాకినాడలో ఆక్సిజన్ పడక కోసం తిరగని కుటుంబం మన చుట్టుపక్కల తక్కువ. మార్చిలో వద్దన్నవారే మే నెలలో మా గేటు దగ్గర నిలబడి "ఒక్క డోసు ఇప్పించండి" అని బతిమాలారు. అప్పుడు మందు లేదు. వారం తర్వాత వేయించుకుందాం, పెళ్ళి అయ్యాక వేయించుకుందాం అని ఆగినవారిలో కొందరి పేర్లు మేము జ్ఞాపకార్థ కూడికల్లో విన్నాము. దాని గురించి ఇంతకంటే రాయలేము.

ఆ సమయంలోనే, మే 13న, కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12 నుంచి 16 వారాలకు పెంచారు. అంతకుముందు 6 నుంచి 8 వారాలు, ఇంకా ముందు 4 నుంచి 6 వారాలు. మందు లేక పెంచారని అందరూ అన్నారు. ఎడం పెరిగితే రక్షణ బాగుంటుందని పరిశోధనలు చూపిన మాట నిజం. కొరత ఉన్న మాటా నిజం. రెండో మాట బయటకు చెప్పకుండా మొదటిదే చెబితే వినేవారికి అనుమానం కలగదా?

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందు కోసం వేలాదిమంది వరుస కట్టారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరిశీలింపజేసి, కంటి చుక్కలు తప్ప మిగిలిన కొన్నింటికి మే 31న అనుమతించింది. మా దగ్గర టీకా వద్దన్నవారిలో కొందరు అక్కడికి వెళ్ళాలనుకున్నారు. పరీక్షలు లేవని టీకాను కాదన్నవారు, ఏ పరీక్షా లేని మందుకు ఎందుకు సిద్ధపడ్డారు? మాకు అర్థమైనంతవరకు, అక్కడ ఇచ్చే మనిషి కనబడుతున్నాడు, డబ్బు అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. నమ్మకం ముందు మనిషి మీద కలుగుతుంది, ఆ తర్వాతే మందు మీద.

నమ్మకం పోవడానికి మన తెలుగువారికి పాత కారణం కూడా ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు టీకా వేశారు. వారిలో హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు ఎందరో. చాలాచోట్ల తల్లిదండ్రులకు చెప్పకుండా వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులే సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, కాని అనుమతి తీసుకున్న తీరు తప్పని కూడా తేలింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. మంచి టీకా కూడా అడగకుండా వేస్తే చెడ్డపేరు తెచ్చుకుంటుంది.

కొరత తీరాక పరిస్థితి మారింది. 2021 జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఆ నెలలో అయిదేళ్ళలోపు పిల్లలున్న తల్లులకు ముందు వరుస ఇచ్చారు. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, వార్డు వాలంటీరు ఇంటికి వచ్చి పిలిచారు. ఫోనులో పేరు నమోదు చేసుకోవడం రానివారికి అదే పెద్ద సాయం. వారు వేయించుకొని బాగానే ఉన్న పొరుగువారిని చూసి కదిలారు, మేము అంటించిన పోస్టర్లు చూసి కాదు.

ఇక గుమ్మం దగ్గర అడిగే ప్రశ్నకు జవాబు. కోవిషీల్డ్ రకం టీకా వల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టవచ్చని 2024లో పత్రికల్లో వచ్చినప్పుడు చాలామంది హడలిపోయారు. అది కొత్త సంగతి కాదు, 2021లోనే తెలుసు. యూరప్ దేశాల లెక్కల్లోనూ అది బహు అరుదుగానే కనబడింది. అదీ టీకా వేసిన కొద్ది వారాల్లోనే, ఎక్కువగా మొదటి డోసు తర్వాత. ఏళ్ళు గడిచాక ఇప్పుడు దాని గురించి భయపడనక్కరలేదు. పడుచువారి హఠాన్మరణాల గురించి భారత వైద్య పరిశోధన మండలి 47 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. టీకా వల్ల ఆ ప్రమాదం పెరగలేదని తేలింది. కుటుంబంలో అలాంటి మరణం జరిగి ఉండటం, కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఒకేసారి ఎక్కువగా మద్యం తాగడం, శక్తికి మించిన శ్రమ వంటివి ప్రమాదాన్ని పెంచాయి. కాబట్టి గుండె దడ ఉంటే టీకాను తలుచుకొని ఇంట్లో కూర్చోకండి. వచ్చి ఈసీజీ తీయించుకోండి.

మమ్మల్ని ఇప్పుడు ఎక్కువగా కలవరపెట్టేది వేరు. కరోనా టీకా మీద విన్న మాటల వల్ల కొందరు తల్లులు చంటిపిల్లల టీకాలు కూడా వాయిదా వేస్తున్నారు. తట్టు, రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకసారి వేయించాలి. తప్పిపోతే అయిదేళ్ళు నిండేలోపు వేయించవచ్చు. బిడ్డను తీసుకొచ్చేటప్పుడు టీకాల కార్డు తప్పక తెండి. కార్డు పోయిందని మొహమాటపడి మానేయకండి, కొత్తది రాసి ఇస్తాము.