దూదిలో నానిన నికోటిన్

తమిళనాడులోని రాజపాళయం నూలు మిల్లుల ఊరు. శతాబ్దాల కిందట వలస వచ్చి స్థిరపడిన రాజుల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. పక్కనున్న చత్రపట్టిలో గాయాలకు చుట్టే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. దూది గురించి ఆ ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నేను చెప్పబోయే విషయం కూడా దూదితోనే మొదలవుతుంది.

వేప్ అని పిలిచే ఈ-సిగరెట్‌ను విప్పి చూస్తే, చాలావాటిలో చిటికెడు దూది, దాన్ని చుట్టుకుని సన్నటి లోహపు తీగ కనిపిస్తాయి. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది. బ్యాటరీ తీగను వేడెక్కిస్తుంది. ద్రవం సన్నటి తుంపరగా లేచి నోట్లోకి వస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, పండ్ల వాసనలు, ఎక్కువ రకాల్లో నికోటిన్ ఉంటాయి. తీగ బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ వంటివీ పుడతాయి, లోహపు నలుసులూ కలుస్తాయి.

‘కాలేదీ లేదు, పొగా లేదు, కడుపులో బిడ్డకు ఏమవుతుందిలే’ అనుకోవడం దగ్గరే ప్రమాదం ఉంది.

మాయ అంటే బిడ్డకు చెడును వడకట్టి మంచిని మాత్రమే పంపే గుడ్డ అని చాలామంది నమ్మకం. నికోటిన్ విషయంలో ఆ నమ్మకం పనికిరాదు. అది చాలా చిన్న అణువు, కొవ్వులో ఇట్టే కరుగుతుంది, మాయను సులువుగా దాటేస్తుంది. బిడ్డ రక్తంలో దాని మోతాదు తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా కూడా ఉండొచ్చు. అది ఉమ్మనీటిలోకీ చేరుతుంది, ఆ నీటినే బిడ్డ మళ్లీ మింగుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 2 గంటల్లో సగానికి తగ్గే నికోటిన్, అప్పుడే పుట్టిన బిడ్డలో సగం కావడానికి సుమారు 11 గంటలు పడుతుంది.

ఊపిరితిత్తులు, మెదడు రూపుదిద్దుకునేటప్పుడు కణాలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనంతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఆ కబురు అందుకునే గ్రాహకాలకే నికోటిన్ అతుక్కుంటుంది, వేళ కాని వేళ తలుపు తడుతుంది. గర్భంతో ఉన్న రీసస్ కోతులకు నికోటిన్ ఒక్కటే ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పిల్లల ఊపిరితిత్తులు సరిగా ఎదగలేదు.

మన దేశంలో పొగ లేని పొగాకు సంగతి మనకు ముందే తెలుసు. 2016-17 జాతీయ సర్వేలో పొగ తాగే ఆడవాళ్లు 2 శాతమే, నమిలే, నోట్లో పెట్టుకునే పొగాకు వాడేవాళ్లు 12.8 శాతం. ముంబైలో 1,217 మంది గర్భిణులను పరిశీలించి 2004లో వెలువరించిన అధ్యయనంలో, అలాంటి పొగాకు వాడిన తల్లుల బిడ్డల బరువు సగటున 105 గ్రాములు తక్కువగా తేలింది. నెలలు నిండకుండా కాన్పులూ ఎక్కువే. అక్కడ పొగ లేదు. నికోటిన్ ఉంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. బ్రిటన్‌లో సిగరెట్ మానాలనుకున్న 1,140 మంది గర్భిణులతో చేసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. అందులో ఈ-సిగరెట్లు ఇచ్చిన బృందంలో తక్కువ బరువు బిడ్డలు, నికోటిన్ ప్యాచ్‌లు ఇచ్చిన బృందంలో కన్నా తక్కువ. సిగరెట్‌తో పోలిస్తే వేప్ మేలే కావచ్చు. కానీ సిగరెట్ ఎరుగని మన అమ్మాయి మామిడిపండు వాసనకు మొగ్గి అలవాటు చేసుకుంటే, ఆ పోలిక ఆమెకు వర్తించదు. ఆమె బిడ్డకు అది కొత్తగా తెచ్చిపెట్టిన ముప్పే.

2019 నుంచి దేశమంతా ఈ-సిగరెట్ల అమ్మకం, తయారీ, దిగుమతి నిషిద్ధం. చట్టానికి భయపడి గర్భిణి ఈ అలవాటు డాక్టర్ దగ్గర దాచడం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. ఆ చట్టం శిక్ష వేసేది అమ్మేవాళ్లకూ నిల్వ చేసేవాళ్లకూ. తాగేవాళ్లకు అందులో శిక్ష లేదు. మొదటి నెలల్లోనే చెప్పేస్తే మానడానికి సాయం దొరుకుతుంది. డాక్టర్‌తో చెప్పడానికి మొహమాటమైతే, పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.