చిగుళ్ల వ్యాధి: కర్షకులు తెలిసికొనవలసిన సంగతులు



వరికోతలు ముగిసిన పిదప చూపించుకొందము, పసుపు ఉడికించి ఆరబోసిన పిదప పోయి వత్తము అని పంటి సంగతిని వాయిదా వేయుట జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మనకందరకు అలవాటే. నొప్పి పుట్టిననాడు పరుగెత్తుదుము; తగ్గిననాడు మరచిపోవుదుము. చిగుళ్ల వ్యాధి విషయమున ఈ పద్ధతి మిక్కిలి నష్టకరము. ఏలయన, ఈ వ్యాధి పెక్కేండ్లు నొప్పి లేకయే సాగును. మనకు తెలియవచ్చునప్పటికి పన్ను కదలుచుండును.

కాకతీయ కాలువ గట్టున నున్న చెట్టును తలచుకొనుడు. నీరు వేళ్లక్రింది మన్నును కొంచెము కొంచెముగా కోసికొని పోవుచున్నను, పైని ఆకులు పచ్చగనే యుండును. ఒకనాడు గాలి వీచగనే చెట్టు ఒరుగును. పన్నును నిలుపునది చిగురును, దాని లోపలి దవుడ యెముకయును. అవి కరగినచో పుచ్చులేని గట్టి పన్నైనను ఊడక తప్పదు.

వ్యాధి పుట్టుక

భోజనానంతరము పండ్లపై మెత్తని పాచి పట్టును. అది కోట్లకొలది సూక్ష్మజీవుల నివాసము. దానిని తుడిచివేయనిచో లాలాజలములోని సున్నపు లవణములు చేరి గట్టిపడి గార యగును. డెన్మార్కు దేశమున 1965లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో ఆరోగ్యవంతులగు 12 మంది పండ్లు తోముట మానిరి. 10 మొదలు 21 దినములలో అందరకును చిగుళ్లు వాచినవి. మరల తోముట ప్రారంభింపగా వారము, పది దినములలో మామూలు స్థితికి వచ్చినవి. కావున తొలిదశ పూర్తిగా నయమగునదే. ఉపేక్షించినచో వాపు లోపలికి దిగి యెముకను తినివేయును. ఈ రెండవ దశనే మన పెద్దలు పయోరియా యనుచుండిరి. పోయిన యెముక తనంత తాను తిరిగి రాదు.

ఇది క్రొత్త రోగము కాదు. సుశ్రుత సంహితలో చిగుళ్ల రోగములు 15 చెప్పబడినవి. నెత్తురు కారు శీతాదమును, చీము నెత్తురు కారి పండ్లు కదలు దంతవేష్టమును అందులోనివే. నేడు లోకమున వయోజనులలో నూటికి 19 మంది తీవ్రమైన చిగుళ్ల వ్యాధితో బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసినది.

గుర్తులు

తోమునప్పుడు నెత్తురు కనబడుట, చిగుళ్లు ఎర్రబడి ఉబ్బుట, నోటి దుర్వాసన, చిగురు జారి పన్ను పొడవుగా కనబడుట, పండ్లమధ్య సందులు పెరుగుట. వీనిలో నెత్తురే మొదటి హెచ్చరిక.

బీడీ త్రాగువారు ఒక సంగతి విశేషముగా గమనింపవలయును. పొగాకువలన చిగుళ్ల రక్తనాళములు కుంచించుకొనును. వ్యాధి ముదిరినను నెత్తురు తక్కువగా కారును. నెత్తురు లేదు గనుక రోగము లేదనుకొనుట వారికి చెల్లదు. చికిత్స చేసినను వారికి గుణము తక్కువ. మానదలచినవారు 1800-11-2356 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. మధుమేహము గలవారికిని ఈ వ్యాధి త్వరగా ముదురును. చిగుళ్ల వాపు రక్తములోని చక్కెరను అదుపునకు రానీయదు. రెంటికిని కలిపి చికిత్స జరుగవలయును.

చికిత్స

వైద్యుడు సన్నని కొలపుల్లతో పంటికిని చిగురుకును నడుమనున్న లోతు చూచును. 3 మిల్లీమీటర్లవరకు సాధారణము. అంతకు మించినచో వ్యాధి యని శంకింపవలయును. మొదటి చికిత్స గార తీయుట. లోతెక్కువయైనచోట మత్తుమందిచ్చి వేరును కూడ శుభ్రము చేయుదురు. కొన్ని వారములు గడచిన పిదప మరల కొలిచి, లోతు తగ్గనిచోటనే చిగురును తెరచి శస్త్రచికిత్స చేయుదురు. నిలువజాలని పన్నును తీసివేయుదురు. మాత్రలు మాత్రమే మ్రింగి ఊరకుండుట వ్యర్థము; గార యున్నంతకాలము రోగము మరల వచ్చును.

గార తీయించిన పండ్లు వదులగునను మాట మన గ్రామములలో బలముగా నున్నది. అది నిజము కాదు. కరగిన యెముక స్థానమున గారయే అడ్డుగా నిలిచియుండును. అది తొలగగనే అంతకుముందే జరిగిన నష్టము బయటపడును. గారను ఉంచుకొన్నచో మిగిలిన యెముకయు పోవును.

గృహమున చేయవలసినది

ఉదయము, రాత్రి పరుండుటకు ముందు, మెత్తని బ్రష్షుతో రెండేసి నిమిషములు తోముకొనవలయును. వేపపుల్ల వాడువారు కొనను మెత్తగా నమలి చిగురును గీరకుండ వాడవలయును. ఇటుకపొడి, బొగ్గుపొడి, పొగాకుపొడి తగవు. మన పసుపు వాపును కొంత తగ్గింపవచ్చును గాని గట్టిపడిన గారను కరగింపజాలదు.

2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. అచ్చటి ప్రభుత్వ ఆసుపత్రులలో దంతవైద్యులు ఏ దినములందుందురో ముందుగా విచారించి పోవుట మేలు. క్లిష్టమైన చికిత్సకు హైదరాబాదున ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు.

రేపు ఉదయము తోముకొని ఉమిసినప్పుడు ఒక్కసారి చూడుడు. నెత్తురు చార కనబడినచో కోతలవరకు ఆగకుడు. నేడు ఒక పూట పోయినను పన్ను నిలుచును. ఆలస్యమైనచో ఆ పూటయు పోవును, పన్నును పోవును.