పిట్టల కుక్కకు తొలి పాఠాలు



కుక్కపిల్ల చదువు గురించి చెప్పేదేముంది, ఇంత అన్నం పెడితే అదే పెరుగుతుంది అంటారా? అలా పెరిగే కుక్కలూ ఉన్నాయి, కాదనను. కాని ఇవాళ నేను చెప్పబోయేది పిట్టల జాడ పట్టే కుక్కల సంగతి. ఇంగ్లీషులో వీటిని బర్డ్ డాగ్స్ అంటారు. వేటగాళ్ల ముచ్చట మాకెందుకని రేడియో కట్టేయకండి. మన నగరాల్లో మేడల మీదా, అపార్టుమెంట్లలోనూ పెరుగుతున్న లాబ్రడార్ ఉందే, అది ఈ కుటుంబంలోదే. గోల్డెన్ రిట్రీవరూ, కాకర్ స్పానియలూ అంతే. గుమ్మంలో విడిచిన చెప్పును నోట కరుచుకొచ్చి మీ కాళ్ల దగ్గర పడేసి తోక ఊపుతుంది చూడండి, అది అల్లరి కాదు. దాని తాతముత్తాతల వృత్తి.

ఈ కుక్కలన్నిటి పనీ ఒకటి కాదు. పాయింటర్లు, సెట్టర్లు పిట్ట ఎక్కడ నక్కి ఉందో వాసనతో కనిపెట్టి, దాన్ని లేపకుండా, ఉన్నచోటనే కొయ్యబొమ్మలా నిలబడి చూపిస్తాయి. తుపాకులు వాడుకలోకి రాకముందు సెట్టర్లు పిట్ట దగ్గర నేలకు అణిగి పడుకుంటే వేటగాళ్లు పైనుంచి వల విసిరేవారు. స్పానియల్ పొదలో దూరి పిట్టను లేపుతుంది. రిట్రీవర్ పని, పడిన పిట్టను పన్ను దిగకుండా తెచ్చి యజమాని చేతిలో పెట్టడం. లాబ్రడార్ పూర్వీకులు కెనడా తీరాన న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్ల దగ్గర పనిచేసిన కుక్కలు. అక్కడినుంచి బ్రిటన్ చేరాయి. 1903లో అక్కడి కెనెల్ క్లబ్ దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

ఇక చదువు సంగతికి వద్దాం. అమెరికాలో పాయింటర్ జాతి కూనను పెంచేవాళ్లు ఏడెనిమిది వారాల వయసులో ఇంటికి తెచ్చుకుంటారు. దీనికి కారణముంది. మేన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి, 1965లో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం దాకా కూన ఎవరిని తనవాళ్లుగా అనుకుంటుందో, దేన్ని చూసి బెదరకుండా ఉంటుందో, ఆ ముద్ర జీవితాంతం పోదని తేల్చారు. ఈ పరిశోధన ఆధారంగానే రిచర్డ్ వోల్టర్స్ అనే రచయిత, 49వ రోజున కూనను ఇంటికి తెచ్చి చదువు మొదలుపెట్టమని 1961లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఎప్పుడో అన్నారు కదా! అయితే వంచడమంటే విరవడం కాదు. అసలు కీలకమంతా అక్కడే ఉంది.

మొదటి పాఠం పేరు. పిలిస్తే రావడం. పిలిచినప్పుడల్లా మంచే జరగాలి. బువ్వ, నిమరడం, ఆట, ఇవే. తిట్టడానికి పిలిచారా, ఆ పేరు విలువ పోయిందన్నమాటే. రెండో పాఠం ఆగడం. బువ్వ గిన్నె కింద పెట్టేముందు కూనను పట్టుకుని, "ఆగు" అన్న అర్థంలో ఒక్కటే మాట అంటారు. మొదట ఒక్క క్షణం. తర్వాత రెండు, మూడు. ఆగితేనే గిన్నె. కేకలు లేవు, దెబ్బలు లేవు. కొంత పెద్దయ్యాక మెడపట్టీకి ఇరవై ముప్పై అడుగుల తాడు కట్టి మైదానంలో వదులుతారు. ఎంత దూరం పోయినా తాడు కొస యజమాని చేతిలో ఉంటుంది కనుక, చెప్పిన మాట వినకుండా తప్పించుకోవచ్చునన్న సంగతే కూనకు తెలియదు.

మూడోది ముచ్చటైన పాఠం. గాలం కర్రకు దారం కట్టి, దాని చివర పిట్ట రెక్క ఒకటి వేలాడదీస్తారు. కూన ఎగబడుతుంది. అందకుండా రెక్కను ఎగరేస్తారు. మళ్లీ దించుతారు. నాలుగైదుసార్లు తరిమి, ఇక దొరకదని తెలిశాక, ఆ బుల్లి కూన ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. మెడ చాచి, తోక నిటారుగా పెట్టి, ముందుకాలు ఒకటి ఎత్తి, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. రెండు నెలల పసిదానికి ఇది ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. తరతరాల నుంచి రక్తంలో వచ్చింది. ఆ క్షణాన ఆ ఇంటివాళ్ల మురిపెం, మన పిల్లాడు మొదటి అడుగు వేసినప్పుడు మనం పడిన మురిపెమే.

అదిగో, చిక్కంతా ఆ మురిపెంతోనే వస్తుంది! వచ్చిన ప్రతి చుట్టానికీ రెక్క ఆడించి చూపించబుద్ధేస్తుంది. కాని ఆ ఆట అతిగా ఆడిస్తే కూన ముక్కును నమ్ముకోవడం మాని కంటిని నమ్ముకుంటుంది. దాని సొత్తు ముక్కే. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50, 60 లక్షలైతే, కుక్కకు ఇరవై కోట్లపైనే ఉంటాయంటారు. గడ్డిలో కదలకుండా నక్కిన పిట్ట కంటికి కనబడదు, వాసన ఒక్కటే దాన్ని పట్టిస్తుంది. అందుకని తెలిసినవాళ్లు రెక్క ఆటను ఏ కొన్నిసార్లో ఆడించి, మానేసి, నిజం పిట్టలున్న గడ్డిలోకి తీసుకెళతారు.

తుపాకి చప్పుడు విషయంలో తొందర మరీ ప్రమాదం. "అలవాటు పడుతుందిలే" అని కూనను తిన్నగా తుపాకులు పేలేచోటికి తీసుకెళ్లి చెడగొట్టినవాళ్లు ఎందరో. ఒకసారి గట్టిగా జడిసిన కుక్క తర్వాత చప్పుడు వింటే మంచం కింద దూరుతుంది. ఆ భయం పోగొట్టడం చాలా కష్టం. సరైన పద్ధతి ఏమిటంటే, కూన బువ్వ తింటున్నప్పుడో, ఆటలో మునిగి ఉన్నప్పుడో దూరాన చిన్న చప్పుడు చేయాలి. అది పట్టించుకోకపోతే మరికొన్ని రోజులకు కొంచెం దగ్గర. చెవి రిక్కించి తినడం ఆపిందా, మళ్లీ దూరం జరగాలి.

ఇలా పెరిగిన కూనకు పరీక్షలు కూడా ఉన్నాయండోయ్. 1969లో ఉత్తర అమెరికాలో ఏర్పడిన వెర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్ పదహారు నెలలలోపు కుక్కలకు "సహజశక్తి పరీక్ష" పెడుతుంది. ముక్కు వాడకం, వెతకడం, జాడ వెంట నడవడం, పిట్టను చూపి నిలబడడం, నీళ్లలో దిగడం, పని మీద ఉత్సాహం, యజమానితో కలిసి పనిచేయడం, ఈ ఏడు విషయాలకూ కలిపి 112 మార్కులు. తుపాకి చప్పుడుకు బెదురుతుందేమో కూడా చూస్తారు. నాకు బాగా నచ్చిన సంగతొకటి చెబుతాను. ఆ పరీక్షలో పిట్ట ఎగిరిపోగానే కూన దాని వెంటపడి పరిగెత్తినా తప్పు పట్టరు. పిట్ట లేచినా, తుపాకి పేలినా కదలకుండా నిలబడడం పెద్ద చదువు. అది రెండు మూడేళ్ల పని. పసివాళ్లను పసివాళ్లలాగే పరీక్షించాలన్న ఇంగితం చూడండి! ఎల్‌కేజీలోనే ర్యాంకులు అడిగే మనం ఇక్కడ కొంచెం ఆలోచించాలి.

పెద్ద చదువు చదివిన కుక్కల పోటీ ఎలా ఉంటుందంటారా? అమెరికాలో 1896లో మొదలైన నేషనల్ బర్డ్ డాగ్ ఛాంపియన్‌షిప్ ఎన్నో ఏళ్లుగా టెనెసీ రాష్ట్రంలో గ్రాండ్ జంక్షన్ దగ్గర జరుగుతోంది. ఒక్కో జంట కుక్కలు మూడు గంటలపాటు ఆగకుండా వెతకాలి. వెతికేది మన పూరేడు పిట్టను పోలిన బాబ్‌వైట్ పిట్టలను. న్యాయనిర్ణేతలు గుర్రాల మీద వెంట వెళతారు. మేరీ మాంట్‌రోజ్ అనే ఆడ పాయింటర్ ఈ పోటీని 1917, 1919, 1920లలో మూడుసార్లు గెలిచింది. ఆడకుక్కేమిటి, మైదానంలో గెలవడమేమిటి అన్నవాళ్లుంటే, వాళ్ల నోళ్లు మూతపడే ఉంటాయి.

పాపం, పిట్టల్ని చంపడానికే గదా ఇదంతా అని మీలో కొందరికి మనసు చివుక్కుమనవచ్చు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పిట్టలను వేటాడడం నేరం. ఈ కుక్కల విద్య పిట్టలను కాపాడడానికి కూడా పనికొచ్చిందంటే సంతోషిస్తారు. న్యూజీలాండ్‌లో కాకపో అనే ఎగరలేని చిలుక అంతరించిపోతుంటే, రిచర్డ్ హెన్రీ అనే ఆయన 1890లలో తన కుక్క మూతికి చిక్కం కట్టి, దాని సాయంతో ఆ చిలుకలను వెతికి పట్టి రిజల్యూషన్ దీవికి చేర్చాడు. ఆ దేశంలో ఇప్పటికీ అరుదైన పక్షులను కనిపెట్టడానికి శిక్షణ పొందిన కుక్కలు పనిచేస్తున్నాయి. స్కాట్లాండ్ కొండల్లో గ్రౌజ్ పిట్టల లెక్క తీయడానికి పాయింటర్లనే తిప్పుతారు.

మరి మన ఇంటి లాబ్రడార్ కూనకు ఇందులోంచి ఏం తీసుకోవచ్చు? నాలుగు మాటలు చెబుతాను. బువ్వ గిన్నె దగ్గర ఆగడం నేర్పండి. రేపు రోడ్డు మీద బండి వచ్చినప్పుడు ఆ "ఆగు" అన్న మాటే దాని ప్రాణం నిలుపుతుంది. చెప్పు తెచ్చినప్పుడు కర్రెత్తకండి. మెచ్చుకుని, చెప్పు తీసుకుని, దాని బదులు పాత గుడ్డతో కుట్టిన బంతి ఇచ్చి విసిరి తెప్పించండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తాయి, చిగుళ్లు నొప్పిగా ఉంటాయి, అప్పుడు నోట్లోది గుంజే ఆటలు వద్దు. దీపావళికి రెండు మూడు నెలల ముందునుంచే అది బువ్వ తినే వేళల్లో చిన్న చిన్న చప్పుళ్లు అలవాటు చేయండి. పండుగ నాడు దాన్ని టపాకాయల దగ్గరికి తీసుకెళ్లకండి, లోపలి గదిలో మీ ఒకరి పక్కన ఉంచండి. పాఠం ఏదైనా ఐదు నిమిషాలు మించకూడదు. అది ఇంకా ఆడదామని చూస్తుండగానే మీరు ఆపేయాలి. అప్పుడు రేపటి పాఠానికి అదే పరుగెత్తుకొస్తుంది.

ముక్కూ, పరుగూ, పట్టుదలా కూనకు పుట్టుకతోనే వచ్చాయి. పెంచేవాళ్లు వాటిని చెడగొట్టకుండా, సమయం వచ్చేదాకా ఓపికపడితే చాలు. ఆ ఓపిక పట్టినవాళ్లు, కూన మొదటిసారి పిట్ట వాసనకు బిగుసుకుని నిలబడ్డ రోజున ఎంత మురిసినా తప్పులేదు. మురవండి, కాని తొందరపెట్టకండి.